మీటర్ బోర్డు భాష మనకెవరు నేర్పారు?

వానాకాలం కోతలు జోరుగా సాగుతున్న రోజులు. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ వచ్చింది. పెద్దదేవులపల్లి వైపు నుంచి త్రిపురారం వస్తుంటే కారు ఆగిపోయిందట. సెల్ఫ్ కొడితే టక్కుమంటోంది తప్ప ఇంజన్ తిరగడం లేదట. బ్యాటరీ దిగిందేమో అనుకొని నా దగ్గరున్న బ్యాటరీ, జంపర్ వైర్లు బైక్ మీద కట్టుకొని వెళ్లాను. బానెట్ ఎత్తగానే కాలిన ఇనుము వాసన ముక్కుకు తగిలింది. గేజ్ పుల్ల లాగి టార్చి వేసి చూశాను. కొసన తడి కూడా లేదు. కాలువ కట్ట మీద రాయి తగిలి కింద ఆయిల్ ఛాంబర్ పగిలింది. అతనా సంగతి గమనించలేదు.

"మీటర్‌ల ఎర్రలైటు ఎలగలేదా తమ్మీ?" అని అడిగాను.

"ఎలిగిందన్నా. ఆయిల్ లైటే గదా అని బంకుల ఆయిల్ పోయించిన. అయినా ఆరలే."

అతను పోయించింది డీజిల్. మా వైపు ఆయిల్ అంటే డీజిలే. కరెంటు మోటార్లు రాకముందు బావుల మీద నడిచినవి ఆయిల్ ఇంజన్లు. ట్రాక్టర్‌లో ఆయిల్ అయిపోయిందంటే బంకుకు పోవాలని అర్థం. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగిన మనిషికి మీటర్‌లో నూనె డబ్బా బొమ్మ ఎర్రగా కనిపిస్తే బంకు గుర్తుకు రావడంలో వింతేముంది? డీజిల్ నిండా పోయించి, ఇక ఫరవాలేదని ధైర్యంగా తోలుకొచ్చాడు. ఇంజన్ సీజ్ అయింది. మిర్యాలగూడలో విప్పి చూస్తే క్రాంకు, బేరింగులు, పిస్టన్లు ఏవీ మిగల్లేదు. వడ్లు అమ్మిన డబ్బులో లక్ష పైచిలుకు దానికే పోయింది.

అతణ్ని నేను తప్పుపట్టలేను. ఆ బొమ్మకు అర్థం ఇదని అతనికి ఎవరూ ఏనాడూ చెప్పలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నల్లగొండ జిల్లా త్రిపురారంలో ఇరవై రెండేళ్లుగా బండ్ల వైరింగ్ పని చేస్తున్నాను. మొదలుపెట్టినప్పుడు ట్రాక్టర్లు, జీపులు, డీసీఎంలు. జీపులో ఉండే లైట్లు మూడో నాలుగో. డ్రైవర్లు గురువు దగ్గర క్లీనర్‌గా పనిచేసి పని నేర్చుకున్నవాళ్లు. ఏ లైటు వెలిగితే ఏం చేయాలో గురువు మొట్టికాయ వేసి మరీ చెప్పేవాడు. ఇప్పుడు ప్రతి వాడలో రెండు మూడు కార్లున్నాయి. చాలామటుకు హైదరాబాద్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ బండ్లే. నడిపేవాడు డ్రైవింగ్ స్కూల్లో పదిహేను రోజులు నేర్చుకున్నవాడు, లేదా బావమరిది పక్కన కూర్చుని నేర్చుకున్నవాడు. ఆ మీటర్ బోర్డులో ఇరవైకి పైగా బొమ్మలు. బండితో ఇచ్చే పుస్తకం మొదటి ఓనర్ దగ్గరే ఉండిపోతుంది. ఒకవేళ చేతికొచ్చినా అది ఇంగ్లీషులో ఉంటుంది.

ఆ నూనె డబ్బా లైటు చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, ఆయిల్‌కు ఒత్తిడి లేదని. ఇంజన్‌లో తిరిగే ఇనుప భాగాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఆయిల్ పొర నిలబడాలంటే పంపు దాన్ని ఒత్తిడితో తోస్తూ ఉండాలి. ఆ ఒత్తిడి పోయిందంటే ఇనుము ఇనుమును తింటుంది. ఇంటిదాకా పోయి చూద్దామనే వీలు లేదు. కనిపించిన చోటే పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. ఆపితే ఛాంబర్ ఖర్చుతో పోతుంది, ఆపకపోతే ఇంజన్ పోతుంది.

ఎర్ర లైట్లలో ఇంకో రెండింటి గురించి కూడా చెప్పాలి. నీళ్లలో థర్మామీటర్ ముంచినట్టుండే బొమ్మ ఇంజన్ కాగిపోతోందని చెబుతుంది. ఆపండి, చల్లారనివ్వండి, వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తిప్పకండి. మా వీధిలో ఒకాయనకు అలా ముంజేతి మీద తోలు ఊడింది. ఇక బ్యాటరీ బొమ్మ. అది వెలిగితే అందరూ కొత్త బ్యాటరీ కొంటారు. అది చెప్పేది బ్యాటరీ పాడైందని కాదు, బండి నడుస్తుంటే డైనమో ఛార్జింగ్ ఇవ్వడం లేదని. చాలా బండ్లలో డైనమోను తిప్పే బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది. బెల్టు తెగితే ముందు బ్యాటరీ లైటు, ఆ వెనకే వేడి లైటు వస్తాయి. సూర్యాపేట బైపాస్ మీద కొత్త బ్యాటరీ వేయించుకొని నకిరేకల్ చేరకముందే హెడ్ గ్యాస్కెట్ పోగొట్టుకున్న బండి నా చేతికొచ్చింది.

పసుపు లైట్లు అంత తొందరపెట్టవు గానీ వాటి గొడవ మా ఊళ్లలో వేరే తీరుగా ఉంటుంది. కోతల తర్వాత ఇంటి ముందర వడ్ల రాశులుంటాయి, పక్కనే కారు. రాత్రికి ఎలుకలు, పందికొక్కులు వెచ్చటి ఇంజన్‌లో చేరి వైర్లు కొరుకుతాయి. పొద్దున చూస్తే ఇంజన్ బొమ్మ పసుపుపచ్చగా వెలుగుతుంటుంది. డిసెంబర్, జనవరిలో నా దగ్గరికి వచ్చే చెక్ ఇంజన్ లైటు కేసుల్లో ఎక్కువ ఎలుకలవే. స్కానర్ పెట్టకుండా సెన్సర్లు మార్చి వేలు గుంజే చోట్లున్నాయి. ముందు బానెట్ ఎత్తి వైర్లు చూడమని అడగండి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణం తప్పనిసరి అయ్యాక డీజిల్ కార్లలో ఇంకో లైటు కలిసింది. పొగగొట్టంలో ఉండే డీపీఎఫ్ అనే జల్లెడ మసిని పట్టి ఉంచుతుంది. ఇంజన్ బాగా వేడెక్కి, కాసేపు ఒకే వేగంతో నడిస్తే ఆ మసి తనకు తానే కాలిపోతుంది. త్రిపురారం నుంచి కంపాసాగర్, అక్కడి నుంచి పొలం, మళ్లీ ఇల్లు, ఇదీ మా ప్రయాణం. ముందు వడ్ల ట్రాక్టర్ ఉంటే బండి ముప్పై దాటదు. మసి కాలే వేడి ఎప్పటికీ రాదు. జల్లెడ నిండి లైటు వెలుగుతుంది. అప్పుడు చేయాల్సింది చాలా చిన్న పని. బండిని మంచి రోడ్డెక్కించి ఇరవై నిమిషాలు ఆపకుండా, కాస్త వేగంగా నడపడమే. అది తెలియక రోజుల తరబడి అలాగే తిప్పితే బండి పికప్ పడిపోతుంది, షోరూమ్‌కు తోసుకుపోవాలి. ఇరవై నిమిషాలు నడిపితే సరిపోతుందని అమ్మిన రోజు ఒక్క మాట చెబితే ఎంత మేలు!

తాళం ఒక మెట్టు తిప్పగానే లైట్లన్నీ ఒకేసారి వెలిగి, కొన్ని కాసేపటికి, మిగతావి ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరతాయి. అది అలంకారం కాదు. తన కళ్లు పనిచేస్తున్నాయని బండి చూపించే పరీక్ష. ఆ క్షణంలో వెలగాల్సిన లైటు వెలగలేదంటే ఎవరో దాని కన్ను పొడిచి ఉండొచ్చన్నమాట. సెకండ్ హ్యాండ్ బండ్లలో ఈ పాపం చేసేవాళ్లున్నారు. ఎయిర్‌బ్యాగ్ చెడిపోతే ఆ లైటు వైరును బ్యాటరీ లైటుకు కలిపేస్తారు. రెండూ కలిసి వెలుగుతాయి, కలిసి ఆరతాయి. కొనేవాడికి అనుమానం రాదు. నా కళ్లతో చూసిన బండిలో స్టీరింగ్ మూత కింద ఎయిర్‌బ్యాగే లేదు. ఆ కారులో ఆర్నెల్లుగా ఇద్దరు పిల్లల్ని స్కూలుకు తిప్పుతున్నారు. కొనే ముందు తాళం నెమ్మదిగా తిప్పి ఆ లైట్లు వచ్చే తీరు, పోయే తీరు రెండు మూడుసార్లు చూడండి.

సీటు బెల్టు మోత కూడా ఇలాంటిదే. మోత ఆగేందుకు ఉత్తి బకిల్ దూర్చి పెట్టే క్లిప్పులు ఆన్‌లైన్‌లో అమ్మితే, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో ఐదు సంస్థలకు ఉత్తర్వులిచ్చి 13,118 ప్రకటనలు తీయించింది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2021లో సీటు బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,397 మంది. ఆ క్లిప్పు నా షాపులో అడిగినా అమ్మను.

ఇక రోడ్డు మీది లైటు సంగతి. తొమ్మిదో నంబరు రోడ్డని మేమిప్పటికీ పిలిచే 65వ జాతీయ రహదారి మీద మా జనం దాటే టోల్‌గేట్లు పంతంగి, కొర్లపహాడ్. కోదాడ వాళ్లు విజయవాడ పోతే చిల్లకల్లు. మిర్యాలగూడ నుంచి నల్లగొండ పోవాలంటే మాడ్గులపల్లి. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి తప్పనిసరి అయింది. దాన్ని అతికించే పని కూడా ఊళ్లో నాలాంటివాళ్లదే అయింది.

నిరుడు వేసవిలో మా మేనత్తను గుండె ఆపరేషన్ తర్వాత చెకప్‌కు హైదరాబాద్ తీసుకుపోతున్నాం. బండి వాళ్ల అబ్బాయి, అంటే మా బావది, సెకండ్ హ్యాండ్‌దే. ఒక టోల్‌గేటు దగ్గర కర్ర లేవలేదు. ఎర్ర లైటు వెలిగింది. వెనక హారన్లు. గేటు గదిలో ఉన్న అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. "బ్లాక్‌లిస్ట్ పడ్డదన్నా, డబల్ కట్టాలె." వారం కిందటే ఐదు వందలు వేశాడు మా బావ. ఫోన్‌లో చూపించాడు. ఎందుకు బ్లాక్‌లిస్ట్ అయిందంటే ఆ అబ్బాయికీ తెలియదు, అతని తెర మీద కారణం రాదు. ఎండలో, ఏసీ ఆపిన కారులో, ఛాతీకి కుట్లున్న మనిషిని కూర్చోబెట్టుకొని పావుగంట వాదించి చివరికి నగదు రెండింతలు కట్టాం.

ఇంటికొచ్చాక ఆరా తీస్తే తేలింది. ట్యాగ్ పాత ఓనర్ పేరు మీద, పాత ఓనర్ ఫోన్ నంబరుతో ఉంది. మా బావ బండి నంబరు కొట్టి వేసిన డబ్బు ఆయన ఖాతాలోకే పోయేది, మెసేజీలన్నీ ఆయన ఫోన్‌కే పోయేవి. బండి అమ్మేశానుగా అని ఆయన బ్యాంకుకు చెప్పి ట్యాగ్ మూయించాడు. అది ఆయన హక్కు, చేయాల్సిన పని కూడా. మూసిన కబురు మాత్రం ఆ ట్యాగ్‌తో రోడ్డు మీద తిరుగుతున్న మనిషికి చేరలేదు. మీ కారు సెకండ్ హ్యాండ్‌ది అయితే ఆర్‌సీ మీ పేరు మీదికి మారగానే పాత ట్యాగ్ తీయించి మీ నంబరుతో కొత్తది వేయించుకోండి. పాతదాని మీద కొత్తది అతికించొద్దు. అద్దం పగిలి మార్చినప్పుడు కూడా కొత్తది కావాల్సిందే, చింపి తీసిన ట్యాగ్ మళ్లీ పనిచేయదు.

ఆ ట్యాగ్‌లో బ్యాటరీ ఉండదు. గేటు మీది రీడర్ పంపే రేడియో తరంగాలతోనే ఆ చిన్న చిప్ మేల్కొని తన నంబరు చెబుతుంది. అందుకే అద్దం లోపలివైపు, మధ్య అద్దం వెనకాల, సరిగా అతికి ఉండాలి. చేతిలో పట్టుకొని చూపించే ట్యాగ్‌లను బ్లాక్‌లిస్ట్‌లో పెడతామని జాతీయ రహదారుల సంస్థ 2025 జూలైలో ప్రకటించింది. మా ఊళ్లో ఆ కబురు ఎంతమందికి చేరిందో నా షాపులో కూర్చుంటే తెలుస్తుంది. గ్లోవ్ బాక్స్‌లోంచి ట్యాగ్ తీసి చూపించేవాళ్లు నెలకు నలుగురైదుగురు వస్తారు.

ఇంకొక నియమం ఉంది. నేనడిగిన డ్రైవర్లలో ఒక్కరికీ అది తెలియదు. 2018 మే 7న కేంద్రం జాతీయ రహదారుల టోల్ నియమాలను సవరించింది. మీ ట్యాగ్ చెల్లుబాటులో ఉండి, అందులో సరిపడా డబ్బు ఉండి, గేటు దగ్గరి యంత్రం చెడిపోవడం వల్ల చదవలేకపోతే మీరు రూపాయి కట్టనక్కరలేదు. సున్నా రూపాయల రసీదు ఇచ్చి బండిని వదలాలి. గేటు దగ్గర ఎవరెవరికి టోల్ మినహాయింపో, ఏ పదవుల్లో ఉన్నవారికో రాసిన పెద్ద బోర్డు ఉంటుంది. ఈ సున్నా రసీదు బోర్డు నేను దాటిన గేట్లలో నా కంటపడలేదు. 2025 నవంబర్ 15న వచ్చిన నియమం ప్రకారం ట్యాగ్ లేకపోయినా, చెల్లకపోయినా యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు, నగదైతే రెండింతలు. అదైనా తెలుగులో పెద్దక్షరాల్లో రాసి పెట్టి ఉంటే జేబులో ఫోన్ ఉన్నవాడు నగదు తీసి రెండింతలు కట్టేవాడు కాదు.

అదే ఏడాది ఆగస్టు 15న మూడు వేల రూపాయలకు ఏడాది పాస్ వచ్చింది. ఏడాదికి గానీ రెండు వందల సార్లకు గానీ, ఏది ముందైతే అది. సొంత కార్లకే, టాక్సీలకు కాదు. అది తీసుకున్న ఒకతను మాడ్గులపల్లి దగ్గర డబ్బు కట్టాల్సి వచ్చిందని, మోసమని, నా దగ్గరికి వచ్చాడు. మోసం కాదు. ఆ గేటున్న నార్కట్‌పల్లి–అద్దంకి దారి రాష్ట్ర రహదారి, ఆ పాస్ జాతీయ రహదారుల గేట్లకే. పాస్ కొనేటప్పుడు అతని ఫోన్‌లో అదంతా ఉంది. ఇంగ్లీషులో, నాలుగు పేజీల కింద.

ఒక పెద్దమనిషి నాతో అన్నాడు, "కారు కొనగలిగినవాడు ఆ మాత్రం తెలుసుకోలేడా? బొమ్మలకు భాషెందుకు, లోకమంతా అవే బొమ్మలు కదా" అని. బొమ్మలు లోకమంతా ఒక్కటే, నిజమే. వాటికి ఐఎస్ఓ 2575 అనే ప్రమాణమే ఉంది. ఏ దేశం వాడైనా గుర్తుపట్టాలని పెట్టారు. కానీ బొమ్మ కూడా అక్షరం లాంటిదే, ఒకసారి ఎవరో వేలు పట్టి దిద్దిస్తేనే వస్తుంది. రోడ్డు పక్కన త్రికోణంలో ఉండే గుర్తులు జనానికి ఎలా వచ్చాయి? లైసెన్స్ పరీక్షలో అడుగుతారు కాబట్టి. లెర్నింగ్ లైసెన్స్ రాసి వచ్చిన కుర్రాళ్లను నా షాపులో ఎంతోమందిని అడిగాను. మీటర్ బోర్డు లైట్ల మీద ప్రశ్న వచ్చిందని ఒక్కరూ చెప్పలేదు. మలుపు గుర్తు తెలియకపోతే లైసెన్స్ ఇవ్వరు, బ్రేక్ ఆయిల్ తగ్గిందని చెప్పే ఎర్ర లైటు తెలియకపోయినా ఇస్తారు. ఇది నాకు కొరుకుడు పడదు.

చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటారుగా అంటారు ఇంకొందరు. వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. రాత్రి తొమ్మిదింటికి కాలువ కట్ట మీద కారులో ఉండేది తండ్రి.

రవాణా శాఖను నేను అడిగేది పెద్ద ఖర్చు లేని పని. లెర్నింగ్ పరీక్షలో ఈ బొమ్మల మీద రెండు ప్రశ్నలు పెట్టండి. ట్రాక్ మీద బండి నడిపించే ముందు తాళం తిప్పించి, ఏ లైటు దేనిదో చెప్పించండి. కార్లు అమ్మే కంపెనీలు తెలుగు పేపర్లలో, టీవీల్లో తెలుగు ప్రకటనలు ఇస్తాయి. అమ్మడానికి వచ్చిన తెలుగు, హెచ్చరించడానికి ఎందుకు రాదు? బండితో పాటు ఒకే ఒక కార్డు, ఎర్ర లైట్లు ఏవి, ఏం చేయాలి, ఎంతసేపట్లో చేయాలి అని తెలుగులో అచ్చు వేసి ఇవ్వండి. బండి చేతులు మారినా పోకుండా సన్‌వైజర్ మీద అతికించండి. అందులో ఇంజన్ ఆయిల్ అని రాస్తే చాలదు, డీజిల్ కాదని కూడా రాయండి.

టోల్‌గేట్లు నడిపేవాళ్లను అడిగేది ఇంకొకటి. ట్యాగ్ చెల్లడం లేదని కర్ర ముందుకు వచ్చాక చెప్పి ఏం లాభం? వెనక్కి పోలేం, పక్కకు తీయలేం. కాస్త ముందుగానే ఒక రీడర్, ఒక తెర పెట్టి, బండి నంబరు, పక్కన తెలుగులో "డబ్బు లేదు", "ట్యాగ్ మూసేశారు", "సరిగా ఉంది" అని చూపించండి. ఆ కాస్త దూరంలో పక్కకు ఆగి డబ్బు వేసుకుంటారు. ఫోన్ మెసేజీలు తెలుగులో పంపండి. కారణం దాచకండి. సున్నా రసీదు నియమాన్ని, జాతీయ రహదారుల సహాయ నంబరు 1033ను మినహాయింపుల బోర్డు పక్కనే అంత పెద్దక్షరాల్లో రాయండి.

సంక్రాంతికి పంతంగి దగ్గర బారులు తీరే కార్లలో మా మండలాల కార్లు ఎన్నో ఉంటాయి. ఆ వరసలో ఒక్క కారు ట్యాగ్ దగ్గర చిక్కుకుంటే వెనక వందల మంది నిలబడతారు. ఎండలో ఆగి ఆగి నడిచే ఆ వరసలో ఎవరి బండి వేడి లైటు వెలుగుతుందో, దాన్ని ఎవరు గుర్తుపడతారో నాకు భయంగానే ఉంటుంది.

ఆ సీజ్ అయిన కారు ఇప్పుడు నడుస్తోంది. ఆ వారమే ఒక అట్ట మీద ఎర్ర లైట్లు ఎర్ర రంగుతో, పసుపువి పసుపు రంగుతో నా చేత్తో గీసి, ఒక్కోదాని కింద తెలుగులో రెండు ముక్కలు రాసి షాపు గోడకు కొట్టాను. నూనె డబ్బా బొమ్మ కింద ఇలా ఉంది: "ఇది డీజిల్ కాదు. ఇక్కడే ఆపు." పంక్చర్ వేయించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ఫోన్‌లో ఫోటో తీసుకుపోతున్నారు. త్రిపురారం వైపు వస్తే మీరూ తీసుకోండి. డబ్బులక్కరలేదు, షాపు పొద్దున ఎనిమిదింటికి తెరుస్తాను.